ఇంటి ముచ్చట్లు: పరుపుకు ఎన్ని పొరలు?

ఈ మధ్య మాకు వస్తున్న ఉత్తరాలలో పెండ్లి సంబంధాల తరువాత ఎక్కువగా కనిపిస్తున్న మాట నడుమునొప్పి. కోయంబత్తూరు నుండి ఒక సోదరి వ్రాశారు. వారి అత్తగారికి 72 ఏండ్లు. నడుముకు మంచిదని అంగడివారు చెప్పగా, ఉన్నవాటిలోకెల్లా గట్టి పరుపు కొని తెచ్చారట. నెల తిరగకుండానే ఆవిడ దానిని వదలి నేలమీద చాప వేసుకొన్నారు. "గట్టిగా ఉండడమే కావలసివస్తే ఇంట్లో నేల లేదుటమ్మా, అంత డబ్బు ఎందుకు పోశారు?" అని ఆవిడ అడిగిన ప్రశ్నకు కోడలి దగ్గర సమాధానం లేదు. సోలాపూరు నుండి మరొక ఉత్తరం. ఇంటి కుర్రవాడు లాటెక్సు పొరలు విడివిడిగా తెప్పించి పరుపు తానే కూర్చుకొంటానని పట్టుబట్టాడట. ఇది కుదిరే పనేనా, లేక డబ్బు దండుగా అని తండ్రిగారి సందేహం.

కుర్రవాడు చెప్పినది కుదిరే పనే. అంతేకాదు, కోయంబత్తూరు అత్తగారి నడుముకు కూడ అదే సరిపోతుందని మా అభిప్రాయం.

మన పెద్దలకు పరుపు అంటే దూది పరుపే. దూదేకులవారు ఇంటికి వచ్చి, వింటితో దూదిని ఏకి, మంచం కొలతకు కుట్టి ఇచ్చేవారు. తమిళదేశంలో స్థిరపడిన మనవారికి బూరుగుదూది పరుపు అలవాటు. ఆ పరుపులో ఒక గొప్ప సదుపాయం ఉండేది. నలిగి ఉండకట్టితే విప్పి, ఏకించి, మళ్లీ కుట్టించుకోవచ్చును. తరువాత వచ్చిన అంగడి పరుపులలో ఆ సదుపాయం పోయింది. లోపల ఏమున్నదో కొన్నవారికి తెలియదు. ఒకచోట గుంట పడితే మొత్తం పారవేయవలసిందే. పొరల పరుపులో ఆ పాత సదుపాయమే మరొక రూపంలో తిరిగివచ్చింది. గలీబు జిప్పు తీస్తే లోపల ఉన్నది కంటికి కనిపిస్తుంది. ఒక పొర చెడితే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు. సాధారణంగా ముందు చెడేది పైపొరే గనుక, క్రింది రెండూ ఇంకా ఎంతోకాలం పనికివస్తాయి.

లాటెక్సు అంటే మరేమీ కాదు, రబ్బరు చెట్టు పాలు. మన దేశంలో రబ్బరు అధికభాగం కేరళలో పండుతుంది. తమిళనాట కన్యాకుమారి జిల్లాలోను, కన్నడసీమలో దక్షిణ కన్నడ జిల్లాలోను కూడ తోటలున్నవి. చెట్టుకు గాటుపెట్టి పట్టిన పాలలో నూటికి 30, 40 పాళ్లు రబ్బరు ఉంటుంది. మిగిలినది చాలవరకు నీరు. దానిని యంత్రంలో గిరగిర త్రిప్పి నూటికి 60 పాళ్లు రబ్బరు ఉండేటట్టు చిక్కబరుస్తారు. ఆ తరువాతి పని ఇడ్లీలు వండే ఇల్లాలికి ఇట్టే బోధపడుతుంది. గంధకం మొదలైనవి కలిపి, నురుగు పొంగేదాకా చిలికి, అచ్చులో పోసి, ఆవిరితో ఉడికిస్తారు. అచ్చులో నిలువుగా ఊచలు ఉంటాయి. లాటెక్సు పలకలో మనకు కనిపించే బెజ్జాలు వాటివే. ఆ ఊచల మూలంగా వేడి లోపలిదాకా పోయి అంతా సమంగా ఉడుకుతుంది; వాడకంలో ఆ బెజ్జాలగుండా కొంత గాలి కూడ ఆడుతుంది. ఇంగ్లండులో డన్‌లప్ కంపెనీవారు 1929లో కనిపెట్టిన పద్ధతి ఇది. ఆ పేరు మన ఇండ్లలో ఎంతగా నాటుకొన్నదంటే, మెత్తగా ఉన్నదల్లా "డన్‌లప్ పరుపు" అయిపోయింది. వాటిలో ఎన్నో రబ్బరుపాలతో సంబంధమే లేని పాలీయూరిథేన్ నురుగు దిమ్మెలు. తలాలే అనే మరొక పద్ధతి ఉన్నది. అచ్చులో గాలి తీసి, నురుగును గడ్డకట్టించి చేస్తారు. అది తేలికగాను, పైనా క్రిందా ఒకే తీరుగాను వస్తుంది, వెల ఎక్కువ. మన దేశంలో దొరికేది చాలవరకు డన్‌లప్ పద్ధతిదే గనుక ఇక్కడ దాని సంగతే చెబుతాము.

ఇక గట్టి పరుపు మాట. నడుమునొప్పికి గట్టి పడకే మందు అని ఒకప్పుడు వైద్యులు కూడ చెప్పేవారు. స్పెయిన్ దేశంలో కోవాచ్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ చాలకాలంగా నడుమునొప్పితో బాధపడుతున్న 313 మందిని తీసుకొని, కొందరికి గట్టి పరుపులు, కొందరికి నడిమిరకం పరుపులు ఇచ్చి 90 దినాలు పరిశీలించారు. తమకు వచ్చినది ఏ రకమో రోగులకు చెప్పలేదు. నడిమిరకం మీద పడుకొన్నవారికే ఎక్కువ సుఖం కనిపించినదని 2003లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో ప్రకటించారు. కనుక అంగడిలో పరుపుమీద అచ్చువేసిన "ఆర్థోపీడిక్" అనే మాటను డాక్టరు వ్రాసిన చీటీగా భావించవద్దు. (కాలిలోకి పాకే నొప్పి, తిమ్మిరి ఉన్నవారు పరుపు సంగతి తరువాత చూసుకొని ముందు డాక్టరు దగ్గరకు వెళ్లవలెను.)

పరుపు చేయవలసిన పనులు రెండు: మొయ్యడం, లొంగడం. ఒక్కటే దిమ్మె అయితే ఈ రెండింటిలో ఒకటే బాగా చేస్తుంది. మనిషి ప్రక్కకు ఒత్తిగిలి పడుకొన్నప్పుడు భుజమూ తుంటీ ముందుకు పొడుచుకొని ఉంటాయి, నడుము లోపలికి ఉంటుంది. పరుపు లొంగకపోతే బరువంతా ఆ రెండుచోట్లనే పడి, చెయ్యి తిమ్మిరెక్కుతుంది. మరీ లొంగితే తుంటి గుంటలో దిగబడి వెన్ను ఉయ్యాలవలె వంగుతుంది. అందుచేత క్రింద మొయ్యడానికి గట్టి పొర, పైన లొంగడానికి మెత్తని పొర, మధ్య రెండింటికీ రాజీ చేసే నడిమి పొర. ఒక్కొక్కటి 2 అంగుళాలు, మొత్తం 6. సామాన్యమైన శరీరం గలవారు ఇక్కడనుండి మొదలుపెట్టడం మంచిది.

అంగళ్లలో గట్టితనాన్ని ఘనమీటరుకు ఇన్ని కిలోలు అనే లెక్కతో చెబుతారు. రమారమి 65 మెత్తన, 75 నడిమి, 85 ఆపైన గట్టి అని పెట్టుకోవచ్చు. తయారుచేసేవారినిబట్టి కొంత అటూ ఇటూ ఉంటుంది. డన్‌లప్ లాటెక్సులో బరువూ గట్టితనమూ కలిసి పెరుగుతాయి గనుకనే ఈ లెక్క పనికివస్తుంది. పాలీయూరిథేన్ నురుగుకు గాని, తలాలేకు గాని ఇదే అంకె పట్టుకొని పోల్చి చూస్తే మోసపోతాము.

కోయంబత్తూరు అత్తగారు సన్నటి మనిషి, ప్రక్కకు తిరిగి పడుకొనే అలవాటు అని కోడలు వ్రాశారు. అటువంటివారికి పైన 2 అంగుళాల మెత్తని పొర తప్పనిసరి. ఒక్క అంగుళం వేసి సరిపెట్టుకొందామనుకొంటే తుంటి దానిని దాటి క్రింది గట్టిపొరకు తగులుతుంది. వెల్లకిల పడుకొనేవారికి పైన నడిమి, మధ్య నడిమి, క్రింద గట్టి చాలును. బోర్లపడుకొనేవారికి మెత్తన ఎంత తగ్గితే అంత మేలు, నడుము దిగబడకూడదు. 90 కిలోలు దాటినవారు మొత్తం మందం 8 అంగుళాలకు పెంచి, పెంచిన 2 అంగుళాలూ గట్టిపొరే వేసుకోవలెను. అటువంటివారికి మెత్తని పొర 3 అంగుళాలు వేయడం మాకు నచ్చదు. మొదటివారం హాయిగా ఉంటుంది, తరువాత నడుము అడుగుతుంది.

పొరలు విడిగా ఉండడంలో అసలు లాభం ఇక్కడ చూడండి. పైన మెత్తన, మధ్య నడిమి, క్రింద గట్టి అని పేర్చిన పరుపు మరీ లోపలికి పోతున్నదనిపిస్తే, కొత్తది కొననక్కరలేదు. మధ్యదీ క్రిందిదీ తారుమారు చేస్తే చాలు. మెత్తని పొర వెంటనే గట్టిదానిమీద ఆనుతుంది గనుక పరుపు బిగుస్తుంది. మరీ మెత్తదనం అక్కరలేనివారు నడిమిదాన్ని పైకి తెచ్చి, మెత్తన మధ్యలో పెట్టవచ్చు. అవే మూడు పొరలతో మూడు రకాల పరుపులన్నమాట. ఒక్కొక్క అమరికకు రెండు మూడు వారాలైనా గడువు ఇవ్వండి. పదేళ్లుగా ఒక గుంటకు అలవాటుపడిన ఒళ్లు రెండు రాత్రులలో తీర్పు చెప్పలేదు. పరీక్ష చాల తేలిక. ప్రక్కకు పడుకొన్నప్పుడు మరొకరు వెనుకనుండి చూస్తే వెన్నెముక తిన్నగా ఉండవలెను. వెల్లకిల పడుకొన్నప్పుడు నడుము క్రింద అరచెయ్యి దూర్చి చూడండి. చెయ్యి ఊరికే ఆడితే గట్టి ఎక్కువ, అసలే దూరకపోతే మెత్తన ఎక్కువ.

ఈ పొరలను జిగురుతో అతకవద్దు. రబ్బరుకు రబ్బరు పట్టుకొని కదలకుండా ఉంటుంది, పైన గలీబు ఉండనే ఉన్నది. అతికించినవాడు పైన చెప్పిన సదుపాయమంతా తన చేతులతోనే పోగొట్టుకొంటాడు.

దంపతుల శరీరాలు ఒక్కతీరుగా ఉండవు. భర్త 85 కిలోలు, భార్య 50 కిలోలు అయితే ఒకరికి నప్పినది మరొకరికి నప్పదు. 5 అడుగుల వెడల్పు పరుపులో క్రింది రెండు పొరలను 30 అంగుళాల చొప్పున రెండేసి ముక్కలుగా తెప్పించి, ఒకవైపు గట్టి మధ్యకూ, మరొకవైపు నడిమి మధ్యకూ వచ్చేటట్టు పేర్చి, పైన మెత్తని పొర మాత్రం ఏకంగా పరిస్తే నడుమ అతుకు తెలియదు. ఈ సౌకర్యం అంగడి పరుపులో దొరకడం అరుదు.

సరుకు వచ్చిన తరువాత మోసం లేదని తెలుసుకొనడం ఎట్లా? తూకం వేయండి. 72 అంగుళాల పొడవు, 36 వెడల్పు, 2 మందం గల పొర రమారమి 0.085 ఘనమీటరు. 65 అన్నది 5 కిలోల 500 గ్రాములు, 75 అన్నది 6 కిలోల 400, 85 అన్నది 7 కిలోల 200 దగ్గరగా తూగవలెను. బెజ్జాలను లెక్కలో కలిపారా లేదా అన్నదానినిబట్టి కొద్దిగా తేడా రావచ్చు. 85 అని చెప్పినది ఆరు కిలోలే తూగితే తిప్పి పంపవలసిందే. అయితే బరువు సరిపోయినంతమాత్రాన సరుకు మంచిదని కాదు. సుద్దవంటి పొడులు కలిపి బరువు పెంచేవారున్నారు. బొటనవేలితో గట్టిగా నొక్కి వదలితే వెంటనే లేవవలెను, మూల పట్టుకొని నలిపితే పొడి రాలకూడదు. "నూటికి నూరుపాళ్లు లాటెక్సు" అన్న మాటకూ "నూటికి నూరుపాళ్లు సహజ లాటెక్సు" అన్న మాటకూ తేడా ఉన్నది. కర్మాగారంలో రసాయనాలతో చేసిన రబ్బరుపాలు కూడ లాటెక్సే. ఏది కొంటున్నారో బిల్లుమీద వ్రాయించుకోండి. రబ్బరు చేతితొడుగులు వేసుకొంటే ఒంటిమీద దద్దుర్లు లేచేవారు ఇంట్లో ఉంటే, కొనకముందే డాక్టరును అడగండి.

డబ్బు చాలనివారికి మధ్యేమార్గం ఒకటి ఉన్నది. అడుగున 4 అంగుళాల కొబ్బరిపీచు పలక, పైన 2 అంగుళాల లాటెక్సు. పీచుమీద రబ్బరుపాలు చల్లి, అదిమి, ఉడికించి చేసేవే ఆ పలకలు. చుట్టూ కోనసీమ కొబ్బరితోటలున్న యానాం పాఠకులకు పీచు సంగతి మేము చెప్పనక్కరలేదు. గట్టిగా మోస్తుంది, గాలి ఆడుతుంది, వెల తక్కువ. కాని లాటెక్సువలె తిరిగి లేవదు. తుంటి ఆనేచోట కొన్నేండ్లకు అణగిపోతుంది. నెలకొకసారి తలవైపు కాళ్లవైపుకు త్రిప్పుతూ ఉంటే కొంత ఆగుతుంది. ఇంట్లో ఉన్న పాత పరుపుమీదనే లాటెక్సు పొర వేసుకోవచ్చునా అని కూడ అడుగుతారు. పాతది చదునుగా ఉంటే నిక్షేపంగా వేసుకోవచ్చు. గుంట పడినదైతే పైపొర కూడ ఆ గుంటలోకే దిగుతుంది.

గలీబు దగ్గర చాలమంది పప్పులో కాలువేస్తారు. మెత్తని పొర కోసం డబ్బుపోసి, దానిమీద మందపు నేతగుడ్డ గలీబు బిగించి కుట్టిస్తే అది మద్దెల తోలువలె సాగక నిలిచి, మెత్తదనాన్ని పైకి రానీయదు. లోపలి గలీబు సాగే అల్లికగుడ్డతో ఉండవలెను. బనీనుగుడ్డ అంటే తెలుస్తుంది గదా, తిరుప్పూరు ప్రాంతంలో ఉన్నవారికి కావలసినంత దొరుకుతుంది, కొంచెం దళసరిది చూసుకోండి. పైన వేసే దుప్పటి నేతదే కావచ్చు గాని వదులుగా పరవవలెను. సోలాపూరు చద్దరు నేసిన చేతులు మనవాళ్లవే. దానిమీద మాకు ఎంత అభిమానమున్నా, పరుపుమీద రెండు మడతలు వేసి పడుకొని "లాటెక్సు మెత్తగా లేదు" అనడం న్యాయం కాదు. చద్దరు కప్పుకోవడానికే ఉంచుకోండి.

మంచం సంగతి కొంచెం. నులకమంచం, నవారుమంచం దీనికి పనికిరావు. మధ్య సాగిన మంచంమీద పొరలన్నీ దానితోపాటే సాగుతాయి. బద్దల మంచం మేలు. బద్దకూ బద్దకూ మధ్య సందు 3 అంగుళాలు మించకూడదు. ఏకపలక మంచమైతే, ముఖ్యంగా చెన్నై, యానాం వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో, వారానికొకసారి పరుపును ఒకవైపు ఎత్తి ఆనించి అడుగున గాలి తగలనివ్వండి. లేకపోతే బూజు పడుతుంది. నేలమీద పరచి పడుకొనేవారు ఉదయమే ఎత్తివేయవలెను. వయసు మళ్లినవారి మంచానికి ఎత్తు కూడ చూసుకోవలెను. అంచున కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనవలెను. పాత పట్టెమంచాలు అసలే ఎత్తు. వాటిమీద 6 అంగుళాల పరుపు చేరితే, రాత్రివేళ దిగడానికి పెద్దవారు పడే అవస్థ నడుమునొప్పికంటె ప్రమాదం. అటువంటిచోట మంచం కాళ్లు కోయించవలసిందే.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన మాట. మన ఇండ్లలో చలికాలం పోగానే పరుపులన్నీ మేడమీదికి చేరతాయి. దూది పరుపుకు ఎండ ప్రాణం పోస్తుంది, లాటెక్సుకు ప్రాణం తీస్తుంది. ఎండకు రబ్బరు పసుపెక్కి, బిరుసెక్కి, పొట్టుపొట్టుగా రాలుతుంది. అలవాటుకొద్దీ పరుపును ఎండలో పడవేసే అమ్మమ్మగారికి ఈ ఒక్కటీ ముందుగా చెప్పి ఉంచండి. గలీబు తీసి ఉతికి ఎండవేయవచ్చు, పొరలు మాత్రం నీడలో గాలికే ఉంచవలెను. కొత్తలో వచ్చే రబ్బరు వాసన కూడ నీడలో కొద్దిరోజులకు పోతుంది. నీళ్లలో ముంచి ఉతకవద్దు. లోపలి తడి ఆరదు, పైగా తడిసిన పొరను ఎత్తబోతే చిరుగుతుంది. రెండవ శత్రువు నూనె. నడుమునొప్పి ఉన్న ఇంట్లో మర్దన తైలం ఉండకమానదు. తలకు కొబ్బరినూనె సరేసరి. నూనె తగిలిన రబ్బరు ఉబ్బి, బలం తగ్గిపోతుంది. తైలం రాసుకొన్న రోజున పరుపుమీద ఒక పాత దుప్పటి మడతపెట్టి వేసుకొని, మరునాడు దానిని తీసి ఉతకండి. పక్క తడిపే పిల్లలు, మంచానపడిన పెద్దలు ఉన్న ఇంట్లో గలీబుకు లోపల నీరు దిగని పలుచటి గుడ్డ వేయించండి. రబ్బరు షీటు నేరుగా పరిస్తే రాత్రంతా చెమటే.

ఏడాది నిండని పసిపిల్లలను మాత్రం ఈ మెత్తని పొరమీద పడుకోబెట్టవద్దు. బోర్లపడినప్పుడు ముఖం మెత్తనలో పూడితే ఊపిరి ఆడదు. వారికి చదునైన గట్టి పడకే క్షేమం. కాబట్టి ఇంట్లో పొత్తిళ్లబిడ్డ ఉంటే ఉయ్యాలలోకని మిగిలిన ముక్క కత్తిరించి వేయకండి. మిగిలిన ముక్కలు కుర్చీలకు బాగా పనికివస్తాయి. పొడుగు రొట్టెకత్తితో గీసినట్టు కోస్తే అంచు తిన్నగా వస్తుంది.

సోలాపూరు కుర్రవాడికి: మంచం లోపలి కొలత ముందుగా తీసుకో. పొరలకు, గలీబుకు ఒకే కొలత ఇవ్వు. 78కి 60 అంగుళాల పరుపు మూడు పొరలూ కలిసి రమారమి 35 కిలోలు ఉంటుంది, అయినా విడివిడిగా వస్తాయి గనుక మీ మూడవ అంతస్తుకు ఇద్దరు మనుషులు చాలు.

దిండు ఎత్తు పరుపు మెత్తదనాన్నిబట్టి మారుతుంది. ఆ సంగతి వచ్చే సంచికలో చెప్పుకొందాము.